నోట్‌బుక్ పారేయకండి, దానికో గంట కట్టండి

ప్రశ్న: సార్, నాకు 67 ఏళ్లు, ఒక్కదాన్నే ఉంటాను. ఆయన పోయి నాలుగేళ్లయింది, అప్పట్నించి పెన్షన్, డిపాజిట్లు, ఇన్సూరెన్స్ అన్నీ నేనే చూసుకుంటున్నా. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి లెక్కలన్నీ నోట్‌బుక్‌లో రాసుకోవడం అలవాటు. పోయిన్నెల హెల్త్ ఇన్సూరెన్స్ ప్రీమియం కట్టడం మర్చిపోయా, ఎప్పుడూ ఇలా జరగలేదు, చాలా భయమేసింది. మా అబ్బాయి దూరంగా ఉంటాడు, ఆ నోట్‌బుక్ పక్కన పడేసి అన్నీ ఒక యాప్‌లో పెట్టేయమ్మా, పాస్‌వర్డ్‌లన్నీ నాకిచ్చేయ్ అని ఒకటే గొడవ. నాకేమో ఆ యాప్ తెరిస్తేనే కంగారు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ ప్రీమియం సంగతి చూడండి, మిగతావన్నీ తర్వాత. ఇన్సూరెన్స్ పాలసీలకి మామూలుగా గ్రేస్ పీరియడ్ అని, గడువు దాటాక కూడా కట్టనిచ్చే కొన్ని రోజులు ఉంటాయి, మీరు ఇంకా అందులోనే ఉన్నారేమో, ఇవాళే కంపెనీకి ఫోన్ చేసి కనుక్కోండి. దాటిపోయి ఉంటే పాలసీని మళ్లీ ఎలా నడిపించాలో అడగండి, ఒక్కోసారి మెడికల్ టెస్టులు అడుగుతారు. ఎంత లేటైతే అంత ఇబ్బంది కాబట్టి ఇది చదవడం కూడా ఆపేసి ఫోన్ చేసినా నేనేం అనుకోను.

ఇక భయం గురించి. ఒక్కసారి మర్చిపోవడం ఏ వయసులోనైనా జరుగుతుంది, నాకూ జరిగింది, క్లయింట్ల డబ్బు లెక్కలు చూడటమే నా పని అయినా. కాకపోతే మీకు తియ్యటి అబద్ధం చెప్పను. 2009లో అమెరికాలో కొందరు ఎకనమిస్టులు లోన్లు, క్రెడిట్ కార్డుల లెక్కలు తీసి ఏ వయసు వాళ్లు తక్కువ తప్పులు చేస్తున్నారా అని చూస్తే సుమారు 53 ఏళ్ల దగ్గర తేలింది, అనుభవం పెరుగుతూ ఉంటుంది, చురుకు తగ్గుతూ ఉంటుంది, ఆ రెండూ కలిసే చోటు అదన్నమాట. అంటే 53 దాటిన వాళ్లందరం, నేను కూడా, కొంచెం దిగుడులోనే నడుస్తున్నాం. ఇంకోటి, 2020లో జామా ఇంటర్నల్ మెడిసిన్ అనే జర్నల్‌లో వచ్చింది, మీలాగే ఒంటరిగా ఉండే 80 వేలకి పైగా పెద్దవాళ్ల క్రెడిట్ రికార్డులు చూస్తే, తర్వాత డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు అని తేలినవాళ్లలో బిల్లులు తప్పడం అనేది ఆ జబ్బు బయటపడటానికి ఆరేళ్ల ముందు నుంచే కనిపించింది. భయపెట్టడానికి చెప్పట్లేదు. ఒక్క ప్రీమియం తప్పితే అది జబ్బు కాదు, మనిషి అంతే. అదే బిల్లు రెండుసార్లు కట్టడం, ఉత్తరాలు విప్పకుండా కుప్ప పడటం, ఎన్నో ఏళ్లుగా అలవోకగా వేసిన లెక్క దగ్గర ఆగిపోవడం, ఇవి మళ్లీ మళ్లీ జరిగితే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇది మీ నోట్‌బుక్‌లోనే కనిపిస్తుంది చూడండి, ఎక్కడ కొట్టివేతలు ఎక్కువవుతున్నాయో, ఎక్కడ నెల ఖాళీగా పోయిందో. అబ్బాయి చెప్పే యాప్ ఆ పని చేయలేదు, ఎందుకంటే మీ చేతిరాత దానికి తెలియదు.

అసలు విషయానికి వస్తా. గుర్తుపెట్టుకోవడం అనేది ఒక్కటి కాదమ్మా, రెండు. ఒకటి జరిగిపోయింది గుర్తుండటం, ఫలానా డిపాజిట్ ఏ బ్యాంకులో ఎప్పుడు వేశాను అని. రెండోది చేయాల్సింది చేయాల్సిన టైముకి గుర్తు రావడం. మీ నోట్‌బుక్ మొదటి పనిలో ఎక్కడా తగ్గలేదు, పోయిన్నెల కూడా ప్రీమియం డేటు అందులో రాసే ఉంటుంది, పందెం కాస్తా. కానీ నోట్‌బుక్ మోగదు! ఆ రోజు మీరు దాన్ని తెరవలేదు, అంతే జరిగింది. అంటే తప్పింది మొత్తం సిస్టమ్ కాదు, గంట ఒక్కటి లేదు. దానికోసం ఇన్నేళ్ల అలవాటు పారేసి కొత్త యాప్ నేర్చుకోవడం నాకు అస్సలు నచ్చదు. వయసు పెరిగే కొద్దీ కొత్తది నేర్చుకోవడం కష్టమవుతుంది, చేతికి అలవాటైన పని మాత్రం చాలాకాలం నిలబడుతుంది, కాబట్టి మీకు రేపు ఏ కాస్త మతిమరుపు వచ్చినా మిమ్మల్ని ఆదుకునేది ఆ నోట్‌బుక్కే.

గంట ఎంత పని చేస్తుందో చూడండి. 2001లో ఇంగ్లండ్‌లో ఒక ట్రయల్ రిజల్ట్ వచ్చింది, జ్ఞాపకం, ప్లానింగ్ దెబ్బతిన్న 143 మందికి మామూలు పేజర్, అంటే మెసేజ్ వస్తే మోగే చిన్న పాతకాలం డబ్బా ఇచ్చి, టైముకి ఇది చేయండి అని మెసేజ్ పంపారు. ట్రయల్ పూర్తి చేసిన వాళ్లలో 80 శాతానికి పైగా తమ రోజువారీ పనులు ముందుకన్నా బాగా చేసుకోగలిగారు. పేజర్ అండి, స్మార్ట్‌ఫోన్ కూడా కాదు. మీ ఫోన్లో ఉన్న క్యాలెండర్ దానికన్నా ఎన్నో రెట్లు నయం.

అందులో మీరు పెట్టాల్సింది డేట్లు మాత్రమే, లెక్కలన్నీ నోట్‌బుక్‌లోనే ఉండనీయండి. ఎలా పెట్టాలన్నది మాత్రం ముఖ్యం, చాలామంది ఇక్కడే తేలిపోతారు, రిమైండర్‌లో "ప్రీమియం" అని ఒక్క ముక్క రాస్తారు, అది మోగినప్పుడు ఏ ప్రీమియం, ఎక్కడ్నించి కట్టాలి అని వెతుక్కుంటూ, తర్వాత చూద్దాంలే అని నొక్కేస్తారు, నొక్కాక అది పోయిందన్న సంగతే గుర్తుండదు. అలా కాకుండా "హెల్త్ ఇన్సూరెన్స్ కట్టాలి, పెన్షన్ అకౌంట్ నుంచి, నోట్‌బుక్ 41వ పేజీ" అని రాయండి. పది రోజుల ముందు ఒకటి, రెండు రోజుల ముందు ఒకటి, ఏడాదికోసారి దానంతటదే మోగేలా. కట్టేసి నోట్‌బుక్‌లో టిక్ పెట్టాకే ఫోన్లో ఆ ఏడాదికి అది తీసేయాలి, ముందు కాదు. ఇంకో మాట, అన్నిటికీ రిమైండర్లు పెట్టకండి, రోజూ పది మోగితే పదకొండోది వినపడదు. తప్పితే నిజంగా నష్టం జరిగేవాటికే పెట్టండి, మీ ఉత్తరంలో ఉన్నదాన్ని బట్టి చూస్తే ఏడెనిమిది కన్నా ఉండవు.

ఆటో డెబిట్ పెట్టుకోవచ్చు కదా అంటారేమో. ఇన్సూరెన్స్‌కి, కరెంటుకి పెట్టుకోండి, మంచిదే. కానీ మొత్తం ఆటోలో పెట్టేస్తే డబ్బు ఎటు పోతోందో చూడటం మానేస్తాం, ఎప్పుడో వద్దనుకున్న సబ్‌స్క్రిప్షన్ ఏళ్ల తరబడి కోస్తూనే ఉంటుంది, అకౌంట్లో బ్యాలెన్స్ లేకపోతే అదీ ఫెయిల్ అవుతుంది. అందుకే నెలకోసారి స్టేట్‌మెంట్ తీసి నోట్‌బుక్ పక్కన పెట్టుకుని చూసే పని మాత్రం ఆపకండి. అకౌంట్లు కూడా తగ్గించండి, నాలుగు బ్యాంకుల్లో ఉన్నవి రెండింటికి తెస్తే ఏ యాప్ చేయనంత మేలు. మూసేసిన అకౌంట్ మీద గీత కొట్టి డేటు వేయండి, లేకపోతే రేపు మీ అబ్బాయి లేని డిపాజిట్ కోసం బ్యాంకు చుట్టూ తిరుగుతాడు.

ఇప్పుడు అబ్బాయి సంగతి. అతని ఆత్రం తప్పు కాదు, అడిగే పద్ధతి తప్పు. పాస్‌వర్డ్‌లన్నీ ఇచ్చేయడం వద్దు, ఓటీపీ చెప్పడం అసలే వద్దు, అది కొడుకుతో మొదలైనా ఫోన్లో పాస్‌వర్డ్ చెప్పడం మామూలే అన్న అలవాటు పడుతుంది, రేపు కొడుకు పేరు చెప్పి ఎవడో ఫోన్ చేస్తే చెప్పేస్తారు. దానికి బదులు బ్యాంకుని అడగండి, చూడటానికి మాత్రమే వేరే లాగిన్ ఇస్తారా, పెద్ద మొత్తం బయటికి వెళ్తే రెండో నంబర్‌కి కూడా మెసేజ్ వెళ్లేలా పెట్టొచ్చా అని. అది చాలు అతనికి. జాయింట్ అకౌంట్‌కి తొందరపడకండి, అక్కడ అతను చూసేవాడు కాదు, తీసుకునే హక్కున్నవాడు అవుతాడు, అతని అప్పుల గొడవ ఏదైనా ఉంటే మీ డబ్బుదాకా రావచ్చు. పవర్ ఆఫ్ అటార్నీ, అంటే మీ తరఫున పనులు చేసే అధికారం ఇచ్చే కాగితం అయితే మీరు ఇంత స్పష్టంగా ఉత్తరం రాయగలుగుతున్న ఇప్పుడే రాయించాలి, కొన్ని చోట్ల మామూలు పవర్ ఆఫ్ అటార్నీ రాసిన మనిషికి మతి సరిగ్గా లేని రోజున చెల్లదు, సరిగ్గా అది కావాల్సిన రోజునే అన్నమాట, కాబట్టి లాయర్‌ని ఆ ఒక్క ముక్క గట్టిగా అడగండి.

నా సొంత బుద్ధి తక్కువ ఒకటి చెప్తా. చాలా ఏళ్ల క్రితం ఒక క్లయింట్‌కి పద్నాలుగు షీట్లతో బ్రహ్మాండమైన ఎక్సెల్ ఫైల్ చేసిచ్చా, రంగులు, ఫార్ములాలు, నాకే ముద్దొచ్చింది. ఆయన పోయాక వాళ్లావిడ ఫోన్ చేశారు, ఫైల్ తెరుచుకోవట్లేదు, పాస్‌వర్డ్ ఎక్కడుందండీ అని. పాస్‌వర్డ్ ఆ ఫైల్లోనే ఒక షీట్‌లో ఉంది. నాలుగు నెలలు పట్టింది అన్నీ వెతికి పట్టుకోవడానికి, చివరికి సగం దొరికింది ఆయన చెక్కుబుక్కు వెనక పెన్సిల్‌తో రాసుకున్న దాని వల్ల. ఆ రోజు నుంచి నేను ఫైళ్లు చేయడం తగ్గించి ఒక్క కాగితం రాయించడం మొదలుపెట్టా.

ఆ కాగితం మీ నోట్‌బుక్ మొదటి పేజీలో ఉండాలి. ఏ బ్యాంకు, ఏ పాలసీ, ఎవరు నామినీ, వీలునామా ఏ బీరువాలో ఉంది, ఏ డాక్టర్, ఏ లాయర్, ఇవన్నీ ఎక్కడున్నాయో చెప్పే మ్యాప్ అంతే, పాస్‌వర్డ్‌లు అందులో రాయకూడదు. దాని ఫోటో అబ్బాయి దగ్గర ఉండనీయండి, మారినప్పుడల్లా కొత్త ఫోటో. పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట తాళం వేసి దాచే పాస్‌వర్డ్ మేనేజర్ వాడితే కొన్నిట్లో ఎమర్జెన్సీ యాక్సెస్ ఉంటుంది, మీరు ఎంచుకున్న మనిషి అడిగితే మీరు పెట్టిన గడువులోగా మీరు కాదనకపోతేనే తెరుచుకుంటుంది. అది కంగారనిపిస్తే కవర్లో పెట్టి సీల్ వేసి లాకర్లో పెట్టండి, సిగ్గుపడాల్సిన పనేం లేదు. గూగుల్‌లో 2013 నుంచి ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ ఉంది, మీరు పెట్టినన్ని నెలలు అకౌంట్ వాడకపోతే మీరు చెప్పిన వాళ్లకి కబురు వెళ్తుంది, ఏమేం చూడొచ్చో మీరే ముందు చెప్తారు. ఆపిల్ ఫోన్ అయితే 2021 డిసెంబర్ నుంచి లెగసీ కాంటాక్ట్ ఉంది, మీ తర్వాత మీ అకౌంట్ చూడగలిగే మనిషిని మీరే ముందు ఎంచుకోవడం అన్నమాట, కానీ దాంట్లో దాచిన పాస్‌వర్డ్‌లు వాళ్లకి రావు, దాన్నే నమ్ముకుని కూర్చోకండి.

ఎవరూ చెప్పని చిక్కు ఇంకోటుంది, అది ఫోన్ నంబర్. మనిషి పోగానే ఇంట్లోవాళ్లు చేసే మొదటి పని ఆ సిమ్ ఆపేయడం, బిల్లు దండగ అని. ఓటీపీలన్నీ దానికే వస్తాయి కదా, మర్నాటి నుంచి ఈమెయిల్ దగ్గర్నించి ఇన్సూరెన్స్ సైట్ దాకా ఒక్కటీ తెరుచుకోదు. అవన్నీ తేలేదాకా సిమ్ ఆపొద్దు అని మొదటి పేజీలో ఎర్ర ఇంకుతో రాసి పెట్టండి.

మోసాల దగ్గర కూడా మీ నోట్‌బుక్కే కాపలా. ఎవరు ఫోన్ చేసి బ్యాంకు నుంచి అన్నా, అకౌంట్ ఆగిపోతుంది అన్నా, సరే అని పెట్టేసి మీ చేత్తో రాసుకున్న నంబర్‌కి మీరే చేయండి, మెసేజ్‌లో వచ్చిన నంబర్‌కి కాదు, వెతికితే దొరికిన నంబర్‌కి అంతకన్నా కాదు. వాళ్లు ఎంత తొందర పెడితే మీరు అంత నెమ్మదిగా ఉండండి, డబ్బు కదిలే ఏ పనైనా మర్నాడు అబ్బాయితో మాట్లాడాకే.

ఆ యాప్ గురించి అబ్బాయికి నా మాటగా చెప్పండి, కావాలంటే తన ఫోన్లో పెట్టుకుని మీ మొదటి పేజీ కాపీ అందులో దాచుకోమనండి, అది తన టూల్, మీది కాదు. ఈసారి అతను వచ్చినప్పుడు ఒక పని చేయండి. నోట్‌బుక్ అతని చేతికిచ్చి, రాబోయే బిల్లు ఒకటి అది చూసి కట్టమనండి, మీరు పక్కనే కూర్చోండి గానీ నోరు మెదపొద్దు. మధ్యలో ఎక్కడో ఆగి, "అమ్మా, ఇదెక్కడుంది?" అంటాడు. వెంటనే చెప్పేయకండి, పెన్ను తీసుకుని ఆ జవాబు ఆ పేజీలోనే రాయండి.