గురకకీ పరగడుపు షుగర్‌కీ సంబంధం ఉందన్నా

అన్నా, మాత్ర తప్పకున్నా మీ నాయనకు పరగడుపు షుగర్ దిగడం లేదు, గురక కూడా ఎక్కువ అన్నారు. ఆ గురకను వదిలేయొద్దు. మా నాయనదీ ఇదే కథ. తిరుపతిలో ఒక రాత్రి పక్కనే కూర్చుని చూశాను. గురక టక్కున ఆగేది, ఛాతీ ఎగిసిపడేది, గాలి మాత్రం లోపలికి పోయేది కాదు. కాసేపటికి ఉలిక్కిపడి ఊపిరి పీల్చేవాడు. చూస్తుంటే నాకు ప్రాణం పోయినంత పనైంది.

అదే స్లీప్ అప్నియా. ఊపిరి 10 సెకన్లో, ఇంకా ఎక్కువో ఆగి ఆక్సిజన్ తగ్గినప్పుడల్లా ఒళ్లు టెన్షన్ పడి అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు వదులుతుంది. దాంతో కాలేయం గ్లూకోజ్ బయటికి పంపుతుంది, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, అందుకే పొద్దునకి పరగడుపు షుగర్ ఎక్కువ ఉండొచ్చు.

తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రిలోనో రుయా ఆసుపత్రిలోనో ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి స్లీప్ స్టడీ, అంటే నిద్రలో ఊపిరి, ఆక్సిజన్ ఎలా ఉన్నాయో చూసే పరీక్ష గురించి అడగండి. ఈ జబ్బుకు రాత్రి మాస్కు పెట్టి గాలి ఒత్తిడితో ఊపిరి దారి మూసుకుపోకుండా చూసే సీప్యాప్ మిషన్ వాడతారు, దాంతో షుగర్ అందరికీ ఒకేలా దిగదు, మాత్రలు మాత్రం ఆపొద్దు. అంతవరకు పక్కకు తిరిగి పడుకోమనండి.