ఇంగ్లండులో రిసెప్షన్ సీటు రాకపోతే: ముందు ముప్పై లెక్క తేల్చుకోండి

ప్రశ్న: మేము ఇంగ్లండులో ఉంటున్నాం. నేను స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉద్యోగం చేస్తున్నాను. నా భార్య ఆసుపత్రిలో నర్సు, ఎక్కువగా రాత్రి డ్యూటీలు. మా బాబు సెప్టెంబరులో బడి మొదటి ఏడాది తరగతి అయిన రిసెప్షన్‌లో చేరాలి, ఆ తర్వాతి ఫిబ్రవరిలో ఐదేళ్లు నిండుతాయి. ఇంటికి పది నిమిషాల నడకలో ఉన్న బడి ఒక్కటే ఫారంలో రాశాం. ఇంకేవైనా రాస్తే దీని అవకాశం తగ్గుతుందని తెలిసినవాళ్లు చెప్పారు. ఏప్రిల్ 16న స్థానిక ప్రభుత్వమైన కౌన్సిల్ నుంచి జవాబు వచ్చింది. ఆ బడిలో సీటు లేదట. మేము అడగని బడిలో, రెండు మైళ్లకు పైగా దూరంలో ఇచ్చారు. ఆ సీటు ఒప్పుకుంటే అప్పీలు హక్కు పోతుందా? అప్పీలు చేస్తే వీసాకు ఇబ్బంది వస్తుందా? మేము కోరిన బడి పక్కనే మా స్నేహితుడి ఇల్లు ఉంది. ఆ చిరునామాతో మళ్లీ దరఖాస్తు చేయవచ్చా? ఇద్దరమూ బాగా కుంగిపోయి ఉన్నాం.

జవాబు: ముందు ఆ దూరపు సీటు ఒప్పుకోండి. ఈ రోజే ఒప్పుకోండి. ఒప్పుకున్నంత మాత్రాన అప్పీలు హక్కు పోదు, కోరిన బడి వెయిటింగ్ లిస్టులో మీ స్థానమూ మారదు. అప్పీలు వినేవారు కూడా దాన్ని మీకు వ్యతిరేకంగా లెక్కవేయరు. వద్దన్నారనుకోండి, ఆ సీటు వెంటనే ఇంకొకరికి పోతుంది. ఇవ్వాల్సింది ఇచ్చేశామని కౌన్సిల్ చేతులు దులుపుకుంటుంది. సెప్టెంబరు వచ్చేసరికి మీ చేతిలో కోరిన బడీ ఉండదు, వచ్చిన బడీ ఉండదు. తిరస్కరిస్తే మన పట్టుదల అవతలివారికి తెలుస్తుందని చాలామంది తల్లిదండ్రులు అనుకుంటారు. ఇక్కడ పట్టుదలకు మార్కులు లేవు.

వీసా గురించి రెండు మాటలు చాలు. ప్రభుత్వ నిధులతో నడిచే బడిలో చదవడం వీసా షరతుల్లో చెప్పే ‘ప్రభుత్వ నిధులు’ కిందికి రాదు. జాతీయత, వలస హోదా చూపి పిల్లవాడికి సీటు నిరాకరించకూడదని అడ్మిషన్ నియమావళి స్పష్టంగా చెబుతోంది. అప్పీలు మీ హక్కు, 1998 నాటి చట్టమే ఇచ్చింది. దాని సంగతి వీసాలు చూసే హోం ఆఫీసుకు అక్కర్లేదు.

స్నేహితుడి చిరునామా మాట మాత్రం ఇక ఎత్తకండి. మోసపూరితమైన దరఖాస్తుతో వచ్చిన సీటును వెనక్కి తీసుకునే అధికారం వారికి ఉంది, తీసుకుంటారు కూడా. కౌన్సిల్ పన్ను రికార్డులు వారి చేతిలోనే ఉంటాయి. ఒకసారి అబద్ధం బయటపడితే, రేపు మీరు చెప్పే నిజానికి కూడా విలువ ఉండదు. ఇలాంటిదే ఇంకో ప్రశ్న నన్ను తరచుగా అడుగుతుంటారు కాబట్టి చెబుతున్నాను: ఎంపీ సిఫారసు ఉత్తరం, బడికి విరాళం, ఈ రెండు దారులూ ఇక్కడ లేవు. విరాళం చూసి సీటు ఇవ్వడం ఆ నియమావళికే విరుద్ధం.

ఒక్క బడి పేరే రాయడం గురించి మీకు ఇప్పుడు చెప్పి లాభం లేకపోయినా, వచ్చే ఏడాది దరఖాస్తు చేసేవారి కోసం చెప్పాలి. మీరు ఎన్నో స్థానంలో రాశారన్నది చూసి బడి సీటు ఇవ్వదు. తన నిబంధనల ప్రకారం పిల్లలందరినీ ఒకే వరుసలో పెడుతుంది. ఆ తర్వాత కౌన్సిల్, మీకు దక్కగలిగిన బడుల్లో మీ జాబితాలో పైన ఉన్నదాన్ని ఇస్తుంది. కాబట్టి ఒక్కటే రాసినందువల్ల దాని అవకాశం వీసమెత్తు పెరగదు. అది రాకపోతే మాత్రం అందరికీ పంచగా మిగిలిన సీటు మీ వంతుకు వస్తుంది. మీకు జరిగింది ఇదే. అయితే ఇప్పుడైనా నడిచి వెళ్లగలిగే దూరంలో ఇంకా ఏ బడుల్లో ఖాళీలున్నాయో కౌన్సిల్‌ను అడగండి. వాటికి ఆలస్యపు దరఖాస్తు పెట్టండి, ఖాళీ లేకపోతే వెయిటింగ్ లిస్టులో పేరు వేయించండి.

ఇక అసలు విషయానికి వద్దాం. అప్పీలు రాయడానికి కూర్చునే ముందు మీరు తేల్చుకోవాల్సిన అంకె ఒకటుంది: ముప్పై. ఇంగ్లండులో రిసెప్షన్, ఇయర్ వన్, ఇయర్ టూ తరగతుల్లో ఒక అర్హుడైన టీచరు దగ్గర 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని చట్టం. మినహాయింపులు ఉన్నాయి గానీ అవి చాలా తక్కువ. ఉదాహరణకు, కవలల్లో ఒకరికి ముప్పయ్యో సీటు దక్కితే రెండోవారిని కూడా చేర్చుకోవచ్చు. మీ బాబును చేర్చుకుంటే తరగతి ఇప్పుడు గానీ, రాబోయే రెండేళ్లలో గానీ ఈ హద్దు దాటి, బడి ఇంకో టీచరును పెట్టుకోవాల్సి వస్తుందా? వస్తుందంటే మీ అప్పీలు ఒక రకం, రాదంటే ఇంకో రకం. పేరు ఒకటే అయినా ఈ రెండూ దాదాపు రెండు వేర్వేరు వ్యాజ్యాలు.

ఏ రకమో తెలుసుకోవడం ఎలా? ఆ బడి ఏటా ఎంతమందిని చేర్చుకుంటుందో అడ్మిషన్ పత్రంలో ప్రకటిస్తారు. 30, 60, 90 అయితే అనుమానమే లేదు, మీరు ముప్పై హద్దు కింద ఉన్నట్టే. 45 అయితే చూడటానికి బయటపడ్డట్టు ఉంటుంది గానీ, అలాంటి బడులు రెండు తరగతుల పిల్లలను కలిపి, 90 మందిని మూడు ముప్పైలుగా కూర్చోబెట్టడం మామూలు. అప్పుడూ హద్దు తగులుతుంది. 25 మందినే తీసుకుని, తరగతులను కలపకుండా నడిపే బడి అయితే మీకు ఊపిరాడే చోటుంది.

హద్దు తగిలే అప్పీలులో, దాన్ని వినే ప్యానెల్ చేతులను చట్టమే కట్టేసింది. మూడు సందర్భాల్లోనే వారు మీ వైపు తీర్పు ఇవ్వగలరు. మీ బాబు చేరినా నిజానికి 30 దాటదని తేలాలి. లేదా అడ్మిషన్ నిబంధనలు చట్టవిరుద్ధంగా ఉండటం వల్లో, వాటిని సరిగా అమలు చేయకపోవడం వల్లో మీ బాబుకు రావాల్సిన సీటు పోయిందని తేలాలి. లేదంటే ఆ పరిస్థితుల్లో ఇంగితం ఉన్న ఏ అధికారీ అలాంటి నిర్ణయం తీసుకోడని తేలాలి. మూడోదాని గీత చాలా ఎత్తులో ఉంటుంది, దాన్ని నమ్ముకుని వెళ్లకండి. మీ భార్య రాత్రి డ్యూటీలు, బాబు నర్సరీ స్నేహితులు ఆ బడిలోనే చేరడం, రెండు బస్సులు మారాల్సి రావడం, ఇవన్నీ విని ప్యానెల్ సభ్యులు నొచ్చుకోవచ్చు. కానీ ఆ నొచ్చుకోలు తీర్పుగా మారే వీలు లేదు. ఈ సంగతి ముందుగా ఎవరూ చెప్పక, తల్లులు ఆ గదిలో కన్నీళ్లు పెట్టుకుని ఇంటికి వెళ్లి, ‘మేము సరిగా చెప్పలేకపోయామేమో’ అని తమనే తాము నిందించుకుంటారు. లోపం వారు చెప్పిన తీరులో లేదు.

కాబట్టి ఈ రకంలో మీ పని తప్పు వెతకడం. సీటు నిరాకరించిన అధికారికి ఈరోజే రాసి అడగండి: ఏ నిబంధన కింద ఎంతమందిని తీసుకున్నారు, చివరిగా తీసుకున్న పిల్లవాడి ఇల్లు ఎంత దూరం, మా దూరం ఎంతని లెక్కించారు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారు. కొన్నిచోట్ల తిన్నని గీత కొలుస్తారు, కొన్నిచోట్ల నడిచే దారి కొలుస్తారు. అపార్టుమెంట్లకు, రెండు గేట్లున్న బడులకు కొలత తేడాలు వస్తుంటాయి. అక్కో అన్నో అదే బడిలో చదువుతున్న సంగతి నమోదు కాకపోవడం, మీరు జతచేసిన డాక్టరు పత్రాన్ని ఎవరూ చూడకపోవడం లాంటివీ జరుగుతాయి. తప్పు దొరికితే సరిపోదు, ఆ తప్పు వల్లే సీటు పోయిందని కూడా చూపాలి. మీకంటే పదిమంది ముందుంటే, కొలతలో నాలుగు గజాల తేడా దొరికి ప్రయోజనం లేదు.

హద్దు తగలని అప్పీలు అయితే కథ వేరు. అక్కడ మొదట బడి తరఫువారు, ఇంకొక బిడ్డను చేర్చుకుంటే తమకు కలిగే ఇబ్బంది ఏమిటో నిరూపించాలి. ఆ తర్వాత ప్యానెల్ ఆ ఇబ్బందిని, సీటు రాకపోతే మీ బాబుకు కలిగే నష్టాన్ని పక్కపక్కన పెట్టి తూచుతుంది. మీ భార్య డ్యూటీ పట్టిక, యజమాని ఇచ్చిన ఉత్తరం, బాబుకు ఆరోగ్య సమస్య ఏదైనా ఉంటే డాక్టరు రాసినది, ఇవన్నీ ఇక్కడ పనికొస్తాయి. ఇచ్చిన బడిని తిట్టిపోయకండి. ఆ బడి చెడ్డదని ఎన్ని పేజీలు రాసినా, కోరిన బడి మీ బాబుకే ఎందుకు కావాలో అందులో ఒక్క ముక్క ఉండదు. ప్యానెల్‌కు కావాల్సింది ఆ ముక్కే.

అప్పీలు పెట్టుకోవడానికి సమాచారం అందినప్పటి నుంచి కనీసం 20 బడి పనిదినాలు ఇవ్వాలి. చివరి తేదీ కౌన్సిల్ లేదా బడి వెబ్‌సైటులో ఉంటుంది, దాటనివ్వకండి. ఆ గడువు ముగిశాక 40 బడి పనిదినాల్లోగా విచారణ జరగాలి, తేదీ కనీసం పది బడి పనిదినాల ముందు మీకు తెలపాలి. ముగ్గురు లేదా అంతకంటే ఎక్కువమంది కూర్చుంటారు. వారెవరూ ఆ బడికి సంబంధించినవారు కారు. రుసుము లేదు. వీడియోలో కూడా జరగవచ్చు. వెంట ఒక స్నేహితుడిని తీసుకెళ్లవచ్చు. సొలిసిటరును పెట్టుకోవాల్సిన పని సాధారణంగా లేదు. నా వృత్తికి నష్టమే అయినా ఈ మాట చెప్పక తప్పదు. వచ్చే తీర్పుకు బడి కట్టుబడాలి, మీరు కూడా.

హద్దు తగిలే బడి విషయంలో నేనైతే అప్పీలు కంటే వెయిటింగ్ లిస్టు మీదే ఎక్కువ ఆశ పెట్టుకుంటాను. దాన్ని కనీసం డిసెంబరు 31 వరకు ఉంచి తీరాలి. అది వచ్చిన వరుస కాదు, అడ్మిషన్ నిబంధనల వరుస. మీకంటే బడికి దగ్గరగా కొత్త కుటుంబం దిగితే మీరు ఒక మెట్టు కిందికి జారుతారు, అందులో అన్యాయం వెతకకండి. వేసవిలో కుటుంబాలు ఊళ్లు మారతాయి, కొందరు ప్రైవేటు బడికి వెళ్తారు, సెప్టెంబరు మొదటి వారాల్లో కొందరు పిల్లలు అసలు రారు. ఫోను నంబరు మారితే మాత్రం వెంటనే తెలియజేయండి.

మీ బాబుకు ఫిబ్రవరిలో ఐదేళ్లు నిండుతాయి కాబట్టి, మార్చి 31 తర్వాత మొదలయ్యే టర్ము దాకా బడికి పంపాలన్న నిర్బంధం చట్టం ప్రకారం మీ మీద లేదు. ఒప్పుకున్న సీటును ఆ టర్ము మొదలయ్యే వరకు అట్టిపెట్టమని అడగవచ్చు, లేదా అప్పటి వరకు సగం పూట పంపవచ్చు. రాత్రి డ్యూటీల ఇంట్లో ఇది కొంత ఊరట. నిర్బంధ వయసు వచ్చాక, ఎనిమిదేళ్ల లోపు పిల్లవాడికి నడక దారిలో రెండు మైళ్లు దాటితే, సీటు దొరికే బడుల్లో అదే దగ్గరిదైతే, ఉచిత రవాణా ఏర్పాటు చేయడం కౌన్సిల్ బాధ్యత. అడిగితేనే ఇస్తారు, కాబట్టి అడగండి.

కౌన్సిల్ ఏ బడీ ఇవ్వకుండా వదిలేసిన తల్లిదండ్రుల ఉత్తరాలు కూడా నాకు వస్తాయి. తన ప్రాంతానికి సరిపడా బడులుండేలా చూడటం 1996 విద్యా చట్టం కౌన్సిల్ మీద పెట్టిన విధి. ఎప్పటిలోగా సీటు చూపిస్తారో రాతపూర్వకంగా అడగండి, జవాబు కూడా రాతలోనే తీసుకోండి. ప్రత్యేక అవసరాల పిల్లలకు ఇచ్చే ఈహెచ్‌సీ ప్లాన్ ఉంటే దారే వేరు, ఈ అప్పీలు కాదు, ప్రత్యేక ట్రైబ్యునల్ ఉంది. స్కాట్లండ్, వేల్స్, ఉత్తర ఐర్లండ్‌లలో నియమాలు వేరు కాబట్టి అక్కడివారు దీన్ని నమ్ముకోవద్దు.

ఈలోగా ఇచ్చిన బడిని ఒకసారి వెళ్లి చూసి రండి, బాబును కూడా తీసుకెళ్లండి. ‘నీకు మంచి బడి దొరకలేదురా’ అనే మాట వాడి చెవిన పడనివ్వకండి. సెప్టెంబరులో ఆ గడప దాటాల్సింది వాడే కావచ్చు.

అప్పీలు ఓడిపోతే, విచారణ జరిగిన తీరులో లోపం ఉంటేనే ముందుకు వెళ్లాలి. కౌన్సిల్ నడిపే బడి లాంటివాటికి ఫిర్యాదులు విచారించే అంబుడ్స్‌మన్, కౌన్సిల్ చేతిలో లేకుండా ప్రభుత్వ నిధులతో నడిచే అకాడమీకి విద్యాశాఖ. ఫలితం నచ్చకపోవడం లోపం కిందికి రాదు. హైకోర్టు పునస్సమీక్ష ఆలోచన ఉంటే, ఆలస్యం చేయకుండా, ఎంత లేదన్నా మూడు నెలల లోపే కదలాలి. పరిస్థితులు పెద్దగా మారితే తప్ప అదే బడికి అదే విద్యాసంవత్సరంలో రెండో అప్పీలు ఉండదు. మరుసటి ఏడాది మళ్లీ దరఖాస్తు చేసి, కాదంటే మళ్లీ అప్పీలు పెట్టవచ్చు. ముప్పై హద్దు ఇయర్ టూ దాకానే. ఇయర్ త్రీకి పెట్టే అప్పీలు తూచే రకం అప్పీలే.