నలుగురి చేతులు పడే డిజైన్ పని గురించి

అమ్మాయ్,

రాసేవాళ్లు, ఫొటోలు తీసేవాళ్లు, క్లయింటు, ప్రెస్సు... ఇంతమందితో కలిసి పనిచేయడం నీకిదే మొదటిసారి కదా, అందుకే ఈ ఉత్తరం. ఇలాంటి పనిలో గొడవలన్నీ అభిరుచి దగ్గరే వస్తాయనుకుంటారు. చాలావరకు కాదు. చివరి మాట ఎవరిదో తేలకపోవడం, ఫైలు ఒకరి నుంచి ఇంకొకరికి సరిగా అందకపోవడం, ఈ రెండే కొంప ముంచుతాయి.

మొదలుపెట్టేముందే అడుగు: “ఓకే అనేది ఎవరు?” ఒక్క పేరు రాయించుకో. క్లయింటు వైపు నలుగురుంటే ఒకరు లోగో పెంచమంటారు, ఇంకొకరు తగ్గించమంటారు. నువ్వు మధ్యస్థంగా సర్దబోకు, ఇద్దరికీ నచ్చదు. దిద్దుబాట్లన్నీ వాళ్లలో వాళ్లే తేల్చుకుని ఒకే జాబితాగా పంపమను. ఆ ఒక్క జాబితా ఒక రౌండు. రెండు రౌండ్లు నీ ఫీజులో ఉంటాయనీ, మూడోదాని నుంచి విడిగా ఇవ్వాలనీ ముందే రాతలో పెట్టు. ఫోన్లో చెప్పిన మార్పును అదే రోజు మెయిల్లో తిరిగి రాసి పంపు.

క్లయింట్లు సాధారణంగా సమస్య చెప్పరు, మందు చెప్తారు. “హెడ్డింగు ఎర్రగా చెయ్యండి” అన్నారనుకో. వెంటనే ఎరుపు పొయ్యకు. “ఎందుకండీ, కనబడట్లేదా?” అని అడుగు. అవునంటే, ఎందుకు కనబడట్లేదో నువ్వు చూడాలి. వెనక ఉన్న ఫొటోలో ఆకులూ కొమ్మలూ గజిబిజిగా ఉంటే ఎరుపేసినా అక్షరాలు అందులోనే కలిసిపోతాయి. ఫొటోను పక్కకు జరిపి, ఆకాశం ఉన్న ఖాళీ భాగం మీదికి హెడ్డింగు తెస్తే నలుపుతోనే పని అయిపోతుంది. “ఏదో తక్కువైంది” అంటే మాత్రం మూడు ప్రశ్నలు అడుగు: చూసేది ఎవరు, ఎంత దూరం నుంచి, మొదట ఏది కంటపడాలి? జవాబులు రాకపోతే వాళ్లకే ఇంకా స్పష్టత లేదన్నమాట. అప్పుడు కొత్త డిజైన్లు చూపించడం దండగ.

మ్యాటరు ఖాయం కాకుండా లేఅవుట్ మొదలుపెట్టకు. 120 మాటలకు వేసిన పెట్టెలో 180 మాటలు పడితే అక్షరాలు చిన్నవి చేయడం కాదు, పేజీ మళ్లీ కట్టుకోవాలి. పేర్లు, ఫోన్ నంబర్లు, తేదీలు సరిచూసే బాధ్యత క్లయింటుదే అని రాసిపెట్టు. అయినా నువ్వూ ఒకసారి చూడు.

ఫొటోలు వాట్సాప్‌లో ఫొటోగా పంపితే కుదించుకుపోతాయి. డాక్యుమెంటుగానో, డ్రైవ్ లింకుగానో పంపమను. లెక్క తేలిక: 300 పీపీఐ (అంగుళానికి 300 పిక్సెళ్లు) దగ్గర 3000 పిక్సెళ్లు 10 అంగుళాలే. దాన్ని 20 అంగుళాలకు సాగదీస్తే మిగిలేది 150 పీపీఐ. గోడకు వేలాడే బ్యానరుకు అది చాలు, చేతిలో పట్టుకునే బ్రోచరుకు చాలదు.

ఫైలు పేరులో ‘ఫైనల్’ అన్న మాటే వద్దు. తేదీ, వెర్షన్ నంబరు చాలు. ఇన్‌డిజైన్ (పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్) ఫైలొక్కటే పంపితే అవతలివాళ్లకు ఫొటోల లింకులు తెగి, ఫాంట్లు మారిపోయి కనిపిస్తాయి. ప్యాకేజ్ చేసి, అంటే ఫొటోలు, ఫాంట్లు అన్నీ ఒకే ఫోల్డరులో చేర్చి పంపు. అయితే ఫాంటు లైసెన్సు ఇతరులకు ఇవ్వనిస్తుందో లేదో చూసుకో. ప్రెస్సుకైతే ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే పొదిగిన) పీడీఎఫ్ మేలు. అక్షరాలు ఔట్‌లైన్ చేయాల్సివస్తే (అంటే బొమ్మ గీతలుగా మార్చాల్సివస్తే), చేయని కాపీ విడిగా దాచు. రేపు అక్షరదోషం దొరికితే దిద్దేది అందులోనే.

ప్రెస్సువాళ్లతో డిజైన్ మొదలుకాకముందే మాట్లాడు. చాలామంది చివర్లో వెళ్తారు, అప్పటికి ఆలస్యం. కాగితం ఏది, మడత ఎలా, బ్లీడ్ (కోత గీత దాటి బొమ్మను పొడిగించే అంచు) ఎంత అని అడుగు. సాధారణంగా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు అంటారు. ముఖ్యమైన అక్షరాలు కోత గీతకు కనీసం 5 మిల్లీమీటర్లు లోపల పెట్టు. చిన్న అక్షరాల నలుపు ఒక్క నల్ల సిరాతోనే ఉండాలి. ఆర్జీబీ (స్క్రీన్ రంగుల) నలుపును అచ్చు రంగుల్లోకి మార్చితే అది నాలుగు సిరాల్లోకి విడిపోతుంది. ఒక్కో సిరాకు ఉండే అచ్చు ప్లేట్లు వెంట్రుకవాసి జరిగినా అక్షరాల అంచున రంగు నీడ పడుతుంది. నీలం సంగతి ఇంకోటి: సయాన్ (లేత నీలి సిరా), మెజెంటా (ముదురు గులాబీ సిరా) రెండూ నిండుగా ఉంటే అచ్చులో ఊదాగా వస్తుంది, మెజెంటా తగ్గించు. క్లయింటు స్క్రీన్ మీద చూసిన రంగే అచ్చులోనూ రావాలంటే, కుదరదని ముందే చెప్పి, ప్రూఫ్ (నమూనా అచ్చు) తీయించి దాని మీదే సంతకం చేయించు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకమైతే మొత్తం పేజీలు నాలుగుతో భాగించబడాలి. మ్యాటరు 18 పేజీలకు వచ్చిందంటే రెండు తగ్గించాలి, లేదా రెండు పెంచాలి. ఏది చేయాలో రాసేవాళ్లను ఈ వారమే అడుగు.

ఉంటాను.