సీరియళ్లలో నటిస్తానంటున్న మా అమ్మాయి, నర్సింగ్ అంటున్న వాళ్ల నాన్న

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మావారు పేపర్ మిల్లులో చేస్తారు. మా పాపకి 17 ఏళ్లు, ప్లస్ టూ సైన్స్ రెండో సంవత్సరం. స్కూల్లో నాటకం అన్నా డ్యాన్స్ అన్నా ముందుంటుంది. తెలుగు సీరియళ్లలో చేసి, తర్వాత సినిమాల్లోకి వెళ్తానని పట్టుపట్టింది. వాళ్ల నాన్న బీఎస్సీ నర్సింగ్‌లో చేర్పిద్దామంటున్నారు. ఈ మధ్య హైదరాబాద్‌లో కోఆర్డినేటర్‌నంటూ ఒకాయన ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమయ్యాడు. ఫొటో షూట్‌కీ ఆర్టిస్ట్ కార్డుకీ 75,000 కడితే హీరోయిన్ చెల్లెలి వేషం ఖాయమన్నాడు. రిజిస్ట్రేషన్ అంటే 5,000 పంపించాం. పాప చామనఛాయ. తెలుగు బాగా మాట్లాడుతుంది, చదవడం మాత్రం రాదు, చదువంతా ఒడియా, ఇంగ్లిష్‌లోనే. ఆడపిల్లకి ఈ ఫీల్డ్ మంచిదేనా? సంపాదన ఉంటుందా?

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చుకుందాం. ఇంకో రూపాయి కూడా పంపకండి. వేషం ఇచ్చేవాళ్లు మనకి డబ్బులిస్తారు, మన దగ్గర తీసుకోరు. ఆర్టిస్టుల సంఘాల్లో సభ్యత్వం అనేది నిజంగానే ఉంది. కానీ అది సంఘం ఆఫీసుకి వెళ్లి, రసీదు తీసుకుని కట్టేది. ఫోన్లో పరిచయమైనవాడి ఖాతాలో వేసేది కాదు. ఆ 5,000 గురించి ఈరోజే 1930 నంబరుకి ఫోన్ చేసి సైబర్ ఫిర్యాదు ఇవ్వండి. ఇలాంటి ఫిర్యాదు ఎంత త్వరగా ఇస్తే డబ్బు దొరికే అవకాశం అంత ఎక్కువ. ఆలస్యమైందని మాత్రం ఊరుకోకండి. అతనికి పాప ఫొటోలు ఏమేం పంపిందో కూడా కోప్పడకుండా అడిగి తెలుసుకోండి. మీరు తిడతారన్న భయంతో పాప ఏదైనా దాచిపెడితే, ఆ భయాన్నే అలాంటివాళ్లు వాడుకుంటారు.

ఇక అసలు ప్రశ్న. ఫీల్డ్ మంచిదా కాదా అని ఒక్క మాటలో చెప్పలేను. నటన నేర్చుకుని చేయాల్సిన పని. రోజుకూలీ లెక్కన నడిచే పని కూడా. ఈ రెండూ ఒప్పుకుని వచ్చిన అమ్మాయి ఇందులో గౌరవంగా బతకగలదు. ముఖం బాగుంది, ఎవరో పిలుస్తారు అనుకుని వచ్చినవాళ్లే ఎక్కువగా దెబ్బతింటారు.

మీ పాప దగ్గర ఉన్న పెద్ద ఆస్తి ఆమెకున్న రెండు భాషలు. దాన్ని మీరు లోపంలా రాశారు కాబట్టి దీని గురించే ఎక్కువ చెప్తాను. రోజారమణి గారి పేరు వినే ఉంటారు. 1967లో వచ్చిన ‘భక్త ప్రహ్లాద’లో ప్రహ్లాదుడిగా వేసిన చిన్న పాప ఆమే. పెద్దయ్యాక తెలుగుతో పాటు తమిళం, మలయాళం, కన్నడం, ఒడియా సినిమాల్లో నటించారు. మలయాళం ప్రేక్షకులకు ఆమె శోభన అనే పేరుతో తెలుసు. ఒడియా హీరో చక్రపాణి గారిని పెళ్లి చేసుకున్నారు. మన హీరో తరుణ్ వాళ్ల అబ్బాయే. తెర మీద వేషాలు తగ్గిన తర్వాత ఆమె ఇంట్లో కూర్చోలేదు. వందల సినిమాల్లో ఎందరో హీరోయిన్లకి గొంతు ఇచ్చారు. సరిత గారు కూడా అంతే, హీరోయిన్‌గా ఎంత పేరు తెచ్చుకున్నారో డబ్బింగ్‌లోనూ అంత పేరు తెచ్చుకున్నారు. హీరోయిన్ వేషాలు కొన్నేళ్లే ఉంటాయి. గొంతు, భాష ఉన్నవాళ్లకి ఆ తర్వాత కూడా పని ఉంటుంది.

ఇప్పుడు తెలుగు సీరియళ్లలో హీరోయిన్లుగా కనిపించేవాళ్లలో చాలామంది కర్ణాటక, కేరళ నుంచి వచ్చినవాళ్లు. వాళ్లలో చాలామందికి వేరేవాళ్లు డబ్బింగ్ చెప్తారు. ఇది మన పిల్లలకు అన్యాయమని కొందరు బాధపడతారు, ఆ బాధలో న్యాయం ఉంది. కానీ దీన్ని మరోవైపు నుంచి కూడా చూడండి. పొరుగు రాష్ట్రం అమ్మాయి భాష రాకుండానే తెలుగులోకి వచ్చి నిలబడుతోంది. మీ పాపకి ఒడియా, తెలుగు రెండూ వచ్చు. భువనేశ్వర్‌లో తరంగ్, జీ సార్థక్, కలర్స్ ఒడియా లాంటి చానళ్లకి సీరియళ్లు తయారవుతున్నాయి. రాయగడ నుంచి హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నేరుగా భువనేశ్వర్‌లో దిగొచ్చు. ఒడియాలో చదువుకున్న అమ్మాయి మొదటి ఆడిషన్ హైదరాబాద్‌లోనే ఇవ్వాలని ఏమీ లేదు. నన్నడిగితే 18 నిండాక మొదట భువనేశ్వర్‌లోనే ప్రయత్నించమంటాను. అక్కడ కెమెరా ముందు నిలబడటం అలవాటైతే, హైదరాబాద్‌కి కొత్తమ్మాయిలా కాకుండా పని తెలిసిన ఆర్టిస్టులా వెళ్తుంది.

కానీ తెలుగు చదవడం రాకపోవడం నిజంగా ఇబ్బందే. సెట్లో డైలాగ్ పేపర్ చాలాసార్లు అప్పటికప్పుడు చేతికిస్తారు. పక్క నుంచి ప్రాంప్టింగ్ ఇచ్చేవాళ్లు ఉంటారు కానీ, విని అప్పజెప్పడం వేరు, చదివి అర్థం చేసుకుని చెప్పడం వేరు. డబ్బింగ్‌లో అయితే చదవడం రానిదే పని సాగదు. ఒడిశా సరిహద్దు ఊళ్లలో తెలుగు పిల్లలు చాలామంది ఇలాగే ఇంట్లో మాట్లాడతారు, అక్షరాలు మాత్రం రావు. మీరు చదవగలరు కదా, రోజూ అరగంట పక్కన కూర్చోబెట్టుకుని నేర్పించండి. అక్షరాలు రాగానే వార్తాపత్రిక పైకి చదివించండి. ఫోన్లో రికార్డు చేసి పాపకే వినిపించండి. ఎక్కడ ఒత్తు పోతోందో, ఎక్కడ ఒడియా యాస వస్తోందో తనకే తెలుస్తుంది. మన ఉత్తరాంధ్ర యాసను మాత్రం పోగొట్టుకోనివ్వకండి. పుస్తకం తెలుగూ రావాలి, ఇంటి తెలుగూ ఉండాలి. ఆ యాసతో రాసిన పాత్రలు ఇప్పుడు సినిమాల్లోనూ వెబ్ సిరీస్‌ల్లోనూ వస్తున్నాయి.

పాప రంగు గురించి కూడా రాశారు. మెత్తగా చెప్పి మోసం చేయను. ‘కార్తీక దీపం’ సీరియల్లో దీపగా ఇంటింటికీ తెలిసిన ప్రేమి విశ్వనాథ్ కేరళ నుంచి వచ్చిన నటి. నల్లని అమ్మాయి కథ అది. ఆ పాత్ర కోసం ఆమెకి మేకప్‌తో రంగు తగ్గించారు. నల్లని అమ్మాయి పాత్రకి కూడా నల్లని అమ్మాయిని వెతకని పరిశ్రమ ఇది, నాకు ఇది చాలా బాధ కలిగించే విషయం. పాపకి ఈ సంగతి ముందే తెలియాలి, అప్పుడే ఆడిషన్‌లో ఎవరైనా రంగు మాట ఎత్తితే కుంగిపోదు. అలాగే సాయిపల్లవి గురించి కూడా చెప్పండి. టీవీ డ్యాన్స్ పోటీల్లో పాల్గొని, జార్జియాలో వైద్యం చదువుతూనే 2015లో హీరోయిన్ అయింది, చదువూ పూర్తి చేసింది. ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటన వస్తే వద్దంది. క్రీములకీ ఇంజెక్షన్లకీ మీరు పైసా ఖర్చు పెట్టకండి.

చదువు విషయంలో మీవారితో నేను సగమే ఏకీభవిస్తాను. డిగ్రీ ఉండి తీరాలి. కానీ బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్లు, క్లాసులతో పాటు హాస్పిటల్ డ్యూటీలు ఉంటాయి. సాయంత్రం నాటకం రిహార్సల్‌కి వెళ్లే వీలుండదు. పైగా అది రోగి ప్రాణంతో ముడిపడిన వృత్తి, ఇష్టం లేని పిల్లని అందులోకి తోయడం రోగులకీ మంచిది కాదు. పాపకి నర్సింగ్ ఇష్టమైతే సంతోషంగా చేర్పించండి, అప్పుడు నటన నాలుగేళ్లు వెనక్కి జరుగుతుంది. ఇష్టం లేదంటే విశాఖపట్నంలోనో విజయనగరంలోనో మామూలు డిగ్రీలో చేర్చండి. రెండూ రాయగడ నుంచి నేరుగా రైలున్న ఊళ్లే. అక్కడ నాటక సమాజాలు ఉన్నాయి. తెలుగు నాటక పరిషత్తుల్లో ఆడవేషాలకి నటీమణులు దొరకడం ఎప్పుడూ కష్టమే, నిలకడగా రిహార్సల్‌కి వచ్చే అమ్మాయికి వేషం దొరుకుతుంది. ఆకాశవాణి కూడా నాటకాల కోసం గొంతు పరీక్ష పెట్టి గ్రేడు ఇస్తుంది. మీకు దగ్గర్లో జయపురంలో ఒక కేంద్రం, తెలుగుకైతే విశాఖ కేంద్రం ఉన్నాయి, వెళ్లి అడగండి.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్‌లో రెండేళ్ల పీజీ ఉంది. కేంద్ర విశ్వవిద్యాలయం కాబట్టి ఒడిశా విద్యార్థి అని స్థానికత గొడవ రాదు. ఆంధ్రా యూనివర్సిటీలోనూ రంగస్థల విభాగం ఉంది. పుణెలోని సినిమా శిక్షణ సంస్థ ఎఫ్‌టీఐఐలో నటన కోర్సుకీ, ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాకీ డిగ్రీ కావాలి. డ్రామా స్కూల్‌కి రంగస్థల అనుభవం కూడా అడుగుతారు, చేరినవాళ్లకి నెలనెలా స్కాలర్‌షిప్ ఇస్తారు. డిగ్రీ మానేసి హైదరాబాద్ వెళ్లిపోతే ఈ తలుపులన్నీ మూసుకుపోతాయి, పాపకి ఈ లెక్క చూపించి చెప్పండి. లక్షల ఫీజు తీసుకుని మూడు నెలల్లో నటన నేర్పిస్తామనే చోటికి మాత్రం వద్దు.

సంపాదన సంగతి. సీరియల్ ఆర్టిస్టులకి నెల జీతం ఉండదు. పనిచేసిన రోజుకి ఇంత అని మాట్లాడుకుంటారు. చెల్లెలి వేషానికి నెలలో కొన్ని రోజులే కాల్షీట్లు ఉంటాయి. పొద్దున తొమ్మిదికి మొదలైన షూటింగ్ రాత్రి తొమ్మిదిదాకా సాగడం మామూలే. డబ్బు వెంటనే రాదు, కొన్నిసార్లు నెలలు పడుతుంది, వచ్చేటప్పుడు టీడీఎస్ కింద పన్ను కోస్తారు. చాలా సీరియళ్లలో చీరలు, నగలు సొంతంగానే తెచ్చుకోవాలి. కృష్ణానగర్, యూసుఫ్‌గూడ వైపు గది అద్దె సరేసరి. రేటింగ్ పడిపోతే సీరియల్‌ని అర్ధాంతరంగా ముగించేస్తారు, లేదా పాత్రనే తీసేస్తారు. అందుకని మొదటి సంవత్సరం మొత్తానికి ఖర్చులు చేతిలో ఉంటేనే హైదరాబాద్ ప్రయాణం పెట్టుకోండి. ఆ డబ్బు అప్పు చేసి తేవద్దు.

భద్రత గురించి మీరు రాయలేదు కానీ, ‘ఆడపిల్లకి మంచిదేనా’ అన్నప్పుడు మీ మనసులో ఉన్నది అదే అనుకుంటాను. 18 నిండకుండా పాప పెట్టే సంతకం చట్టంలో చెల్లదు, అందువల్ల ఇప్పుడు ఎవరు అగ్రిమెంటు పెట్టమన్నా పెట్టనివ్వకండి. ఆడిషన్‌కి పిలిస్తే ఏ నిర్మాణ సంస్థ, ఏ చానల్, ఏ సీరియల్ అని అడిగి, ఆ సంస్థ ఆఫీసుకే ఫోన్ చేసి నిజమో కాదో కనుక్కోండి. ఆడిషన్ ఆఫీసులోనో స్టూడియోలోనో పగటిపూట జరగాలి, మీరో మీవారో పక్కన ఉండాలి. హోటల్ గదికి రమ్మంటే అది ఆడిషన్ కాదు. 2013 చట్టం ప్రకారం పది మంది, అంతకు మించి పనిచేసే చోట లైంగిక వేధింపుల ఫిర్యాదుల కోసం అంతర్గత కమిటీ ఉండాలి. షూటింగ్ యూనిట్‌కీ ఇది వర్తిస్తుంది. కమిటీలో ఎవరున్నారని అడగడం తప్పు కాదు, అది పాప హక్కు. తక్కువ మంది ఉన్న చోట జిల్లా స్థాయి కమిటీకి ఫిర్యాదు చేయొచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు పాప ఫోన్లో సేవ్ చేసి ఉంచండి.

ఒడిశాలో నాటకాలాడే జాత్రా పార్టీల వాళ్లు కూడా మంచి డ్యాన్స్ వచ్చిన అమ్మాయిల కోసం చూస్తుంటారు. జాత్రా గొప్ప కళ, ఎందరికో అన్నం పెడుతోంది. కానీ నెలల తరబడి ఊరూరా తిరుగుతూ రాత్రంతా ఆడే జీవితం. ఈ వయసులో, చదువు మధ్యలో, నేను వద్దనే చెప్తాను.

ప్లస్ టూ పరీక్షలయ్యేదాకా ఈ విషయం పక్కన పెట్టమని పాపని అడగండి. తెలుగు అక్షరాలు మాత్రం ఈ వారమే మొదలుపెట్టండి. పరీక్షల తర్వాత మీవారినీ పాపనీ తీసుకుని విశాఖలోనో విజయనగరంలోనో ఒక నాటకం చూసి రండి. ఆట అయ్యాక అందులో వేసిన నటీమణుల్ని కలిసి, వాళ్లకి రోజు ఎలా గడుస్తుందో మీవారినే అడగమనండి. డిగ్రీ కాలేజీ దరఖాస్తులకి ముందు మళ్లీ రాయండి, పాప మార్కులు, తను చదవగలిగిన తెలుగు ఎంతవరకు వచ్చిందో కూడా రాస్తే ఏ కాలేజీ అన్నది అప్పుడు చెప్తాను.