పార్కు రుసుముకు మనుషుల లెక్క కావాలి

కొత్త ఇళ్ల నుంచి నగరాలు పార్కు రుసుమును ఏ లెక్కన వసూలు చేస్తాయని మీరు అడిగారు. కాలిఫోర్నియాలో లెక్క మనుషులతో మొదలవుతుంది. అక్కడి 1965 నాటి క్వింబీ చట్టం ప్రకారం వెయ్యిమందికి 3 ఎకరాల చొప్పున, పార్కులు ముందే ఎక్కువగా ఉన్నచోట 5 ఎకరాల వరకు, స్థలం గాని దాని విలువకు తగిన సొమ్ము గాని నగరం కోరవచ్చు. ఇంటికి ముగ్గురనుకుంటే 3 ఎకరాల లెక్కన 0.9 సెంటు వస్తుంది. ఆ నేల ధరే ఆ ఇంటి రుసుము.

మన రాష్ట్ర నిబంధనలు నేలను మాత్రమే కొలుస్తాయి. లేఅవుట్లో 10 శాతం ఖాళీగా వదలాలి. అలా వదలని అనధికార లేఅవుట్ల క్రమబద్ధీకరణకు 2020లో పథకం వచ్చినప్పుడు ప్లాటు విలువలో 14 శాతాన్ని ఖాళీ స్థలం రుసుముగా పెట్టారు. తిరుపతిలో కరకంబాడి రోడ్డు వైపు మా నాన్నగారు ఎప్పుడో కొన్న ప్లాటుకు ఆ రుసుము నేనే కట్టాను. కట్టిన సాయంత్రం పక్క ప్లాట్లవారితో కలిసి, వెంచరు వేసిన వ్యక్తి అప్పట్లో పంచిన రంగుల బ్రోచరు పట్టుకుని పార్కును వెతుక్కుంటూ వెళ్లాము. ఆకుపచ్చ రంగు వేసిన చోట రెండు ఇళ్లు లేచి ఉన్నాయి, ఒకదాని గుమ్మానికి కట్టిన మామిడాకులు ఇంకా వాడలేదు. ఆ ఇంటాయన మమ్మల్ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, తన దస్తావేజు తెచ్చి చూపించారు; పార్కు కావలసిన ఆ నేలకు అందులో ప్లాటు నంబరు ఉంది. ఆయన కూడా 14 శాతం కట్టినవారే.

అనుమతి ఉన్న వెంచర్లలోనూ ఆ పది శాతాన్ని హైటెన్షన్ తీగల కిందో, వంక పక్కనో చూపించడం నేను చాలాచోట్ల చూశాను. కాగితం మీద లెక్క సరిపోతుంది గాని, అక్కడ పిల్లలు ఆడుకోలేరు. పైగా ఒక కుటుంబం ఉండే ప్లాటులో రేపు అయిదంతస్తుల అపార్టుమెంటు లేచినా లేఅవుట్లో వదిలిన నేల పెరగదు.

క్వింబీ చట్టంలో నాకు అన్నిటికంటే నచ్చినది గడువు: వసూలైన సొమ్మును 5 సంవత్సరాల్లోగా ఫలానా పనికని కేటాయించాలి, ఆ పని రుసుము కట్టిన ఇళ్లవారికి ఉపయోగపడాలి, లేకపోతే సొమ్మును యజమానులకే తిరిగి పంచాలి. ఈ ఒక్క షరతు మన నిబంధనల్లో చేరితే రుసుము ఎంతైనా జనం కడతారని నా గట్టి నమ్మకం. మీరూ ఇలాంటి రుసుము కట్టి ఉంటే, ఆ సొమ్ము ఏ ఖాతాలో ఉందో, మీ వార్డులో ఎంత ఖర్చయిందో సమాచార హక్కు చట్టం కింద రాతపూర్వకంగా అడగండి.