ముందు రైఫిలా, ఫస్ట్ ఎయిడ్ క్లాసా?

ప్రశ్న: మాది డల్లాస్ పక్కన ఫ్రిస్కో. కిందటేడు గ్రీన్‌కార్డు వచ్చింది. నేను, మా ఆవిడ, తొమ్మిదేళ్ల బాబు, నాలుగేళ్ల పాప. మా బావమరిది ఎఫ్-1 వీసా మీద చదువుకుంటూ మా దగ్గరే ఉంటున్నాడు. వచ్చే నెల హైదరాబాద్ నుంచి అమ్మానాన్న విజిటర్ వీసా మీద ఆరు నెలలకు వస్తున్నారు. నాన్నకు బీపీ ఉంది. ఎమర్జెన్సీ కోసమని 1,500 డాలర్లు పక్కన పెట్టాను. ఆఫీసులో ఒకాయన ‘నాలుగు వందల లోపే మంచి రైఫిల్ వస్తుంది, ఇంట్లో ఒకటి ఉండాలి’ అంటున్నాడు. మా ఆవిడ ఫస్ట్ ఎయిడ్ క్లాసుకు వెళ్దామంటోంది. సేవింగ్స్‌లో ఆరు వేలున్నాయి, నెల ఖర్చు 5,500. దేనికి ఖర్చు పెట్టమంటారు?

జవాబు: మీ ఆవిడ మాట వినండి. రైఫిల్ కొనడం తప్పని కాదు. మీ ఇంట్లో ఇప్పుడున్న పరిస్థితికి, ఆ 1,500కి అది సరిపడదు.

ముందు చట్టం సంగతి చూద్దాం, ఎందుకంటే డబ్బు కంటే పెద్ద నష్టం అక్కడ ఉంది. గ్రీన్‌కార్డు ఉన్న మీరు టెక్సస్‌లో రైఫిల్ కొనుక్కోవచ్చు. షాపులో 4473 ఫారం నింపి, గ్రీన్‌కార్డు మీదుండే మీ ఏ-నంబర్ రాసి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అయ్యాక తెచ్చుకోవచ్చు. మీ బావమరిదికి, అమ్మానాన్నలకు ఆ వీలు లేదు. విజిటర్, స్టూడెంట్, హెచ్-1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటాలు గానీ కలిగి ఉండకూడదని ఫెడరల్ చట్టం. రాష్ట్రం ఇచ్చే హంటింగ్ లైసెన్స్ ఉన్నవాళ్లకు మినహాయింపు ఉంది. మిగతావాళ్లకు 15 ఏళ్ల దాకా జైలు పడొచ్చు, వీసా సంగతి సరేసరి. సరదాగా షూటింగ్ రేంజ్‌కు వెళ్లి అద్దె తుపాకీ పట్టుకుని ఫొటో దిగే మన స్టూడెంట్లలో చాలామందికి ఇది తెలియదు. దయచేసి బావమరిదికి ఈరోజే చెప్పండి.

పైగా ‘కలిగి ఉండటం’ అంటే చేతిలో పట్టుకోవడం ఒక్కటే కాదు. బీరువా తాళం ఎక్కడుందో తెలిసి, కావాలంటే తీసుకోగలిగితే అది కూడా చట్టం లెక్కలోకి రావచ్చు. పగలంతా మీరిద్దరూ ఆఫీసులో ఉంటే ఇంట్లో ఉండేది వాళ్లే కదా. కొనేముందు ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్క అరగంట మాట్లాడండి. ఆ ఫీజు దండగ కాదు.

మన ఊళ్లో తుపాకీ అంటే బ్యాంకు ముందు సెక్యూరిటీ గార్డు భుజాన వేలాడేదే. లైసెన్స్ ఉన్నవాళ్లు కూడా ఎన్నికలొస్తే చాలావరకు పోలీస్ స్టేషన్‌లో అప్పగించి రావాలి. అలా పెరిగిన మనకు ఇక్కడ స్పోర్ట్స్ షాపులో షూల వరస పక్కనే రైఫిళ్లు కనిపిస్తే, ఇదీ ఇంటి సామానే అనిపిస్తుంది. ధర చూస్తే మరీను.

ఆ ధర దగ్గరికే వద్దాం. రూగర్ 10/22 అని 1964 నుంచి అమ్ముడవుతున్న .22 (చిన్న తూటా వాడే) రైఫిల్ ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు ఎక్కువగా దాంతోనే మొదలుపెడతారు. 350 డాలర్లనుకుంటే 8.25 శాతం ట్యాక్స్‌తో 379. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో తాళమున్న స్టీల్ క్యాబినెట్ లేకుండా తుపాకీ అడుగు పెట్టకూడదు, దానికి ఇంకో 175. చెవులకు, కళ్లకు రక్షణ 50. బేసిక్ క్లాసు 125. ఏడాదిలో నాలుగుసార్లయినా రేంజ్‌కు వెళ్లకపోతే నేర్చుకున్నది నిలవదు, అద్దె, తూటాలు కలిపి మరో 175. మొత్తం తొమ్మిది వందలు దాటింది. మీ స్నేహితుడు చెప్పిన నాలుగు వందలు షాపు గుమ్మం దాటడానికే సరిపోతాయి.

ఇంకో మాట, ఇది డబ్బు లెక్కల మాట కాదు. అమెరికాలో 2020 నుంచి 1–19 ఏళ్ల పిల్లల మరణాలకు మొదటి కారణం తుపాకీలే, రోడ్డు ప్రమాదాలను దాటిపోయాయి. తుపాకీ విడిగా, తూటాలు విడిగా, రెండూ తాళాల్లో ఉండాలని పిల్లల డాక్టర్లు చెప్పేది అందుకే. టెక్సస్‌లో 17 ఏళ్ల లోపు పిల్లలకు తూటాలు నింపిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం కూడా. మీ బాబుకు తొమ్మిదేళ్లు. ఆ వయసు పిల్లలకు ఇంట్లో దాచిన చాక్లెట్ డబ్బా ఎక్కడుందో తెలియకుండా ఉంటుందా?

ఇక మీ ఇంటికి నిజంగా రాగల ఎమర్జెన్సీ ఏది? 2021 ఫిబ్రవరి మంచు తుఫాను నేను మరిచిపోలేను. టెక్సస్‌లో 45 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. 246 మంది చనిపోయారని రాష్ట్రం లెక్క తేల్చింది, ఎక్కువమంది చలికే. వెచ్చదనం కోసం గరాజ్‌లో కారు ఆన్ చేసి, ఇంట్లో బొగ్గుల గ్రిల్ వెలిగించి కార్బన్ మోనాక్సైడ్‌తో పోయినవాళ్లూ ఉన్నారు. మా అపార్ట్‌మెంట్లో రెండో రోజు కుళాయి ఆగిపోయింది. మెట్ల మీద మంచు గిన్నెల్లోకి ఎత్తి టాయిలెట్లో పోసుకున్నాం. పక్క వీధి కొట్టు తెరిచే ఉంది, కానీ కార్డు మెషీన్ పనిచేయలేదు. నా పర్సులో పదకొండు డాలర్లున్నాయి. పాపకు పాలు, ఒక బ్రెడ్డు, అంతే వచ్చాయి. అందుకే మీరు కూడా 300 డాలర్లు చిన్న నోట్లుగా ఇంట్లో పెట్టుకోండి. ఇది ఖర్చు కాదు, సేవింగ్స్‌లోంచి తీసి పెట్టుకునేదే.

నీళ్లు మనిషికి రోజుకో గాలన్ చొప్పున, ఏడుగురికి మూడు రోజులకు 21 గాలన్లు. రెండు కార్బన్ మోనాక్సైడ్ అలారాలు, టార్చి, పవర్ బ్యాంకు, బ్యాటరీ రేడియో. అన్నీ కలిపి రెండు వందల్లో అయిపోతుంది. జనరేటర్ ఆలోచన ఉంటే ఏప్రిల్ దాకా ఆగండి. టెక్సస్ ఏటా ఏప్రిల్ చివర్లో ఎమర్జెన్సీ సామానుకు సేల్స్ ట్యాక్స్ లేని వారాంతం ప్రకటిస్తుంది. 3,000 డాలర్ల లోపు పోర్టబుల్ జనరేటర్లూ అందులోకి వస్తాయి.

ఫస్ట్ ఎయిడ్ క్లాసు ఇద్దరూ చేరండి. రెడ్ క్రాస్‌దైనా హార్ట్ అసోసియేషన్‌దైనా సరే, ఇద్దరికీ కలిపి 200 డాలర్ల దగ్గర అవుతుంది. నేను వెళ్లినప్పుడు, గుండె ఆగినవాళ్లకు చేసే సీపీఆర్ నేర్పుతూ బొమ్మ ఛాతీ మీద రెండంగుళాల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలన్నారు. సరిగ్గా దిగితే లోపల ‘టిక్’ మని చప్పుడొస్తుంది. మొదటి నిమిషం బాగానే వచ్చింది, రెండో నిమిషానికి నా చేతులు వణికి టిక్కులు ఆగిపోయాయి. ‘అందుకే ఇంట్లో ఇద్దరికి రావాలి’ అంది నేర్పే ఆవిడ. ఆ మాటతోనే మరుసటి వారం మా ఆయన్ని పంపాను.

రక్తం ఆపడానికి ‘స్టాప్ ద బ్లీడ్’ క్లాసు వేరే ఉంటుంది, చాలాచోట్ల ఉచితం. రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే టోర్నికే పట్టీ ముప్పై డాలర్లకు వస్తుంది. ఆన్‌లైన్‌లో పది డాలర్లకు దొరికే నకిలీవి, బిగించే పుల్ల తిప్పుతుండగానే విరిగిపోతాయి, వాటి జోలికి వెళ్లకండి. కిట్‌తో కలిపి వందలోపు. మీకు హెచ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకు ట్యాక్స్ లేకుండా దాచుకునే ఖాతా) ఉంటే ఫస్ట్ ఎయిడ్ కిట్ దాంతో కొనొచ్చు.

మిగిలిన వెయ్యి అమ్మానాన్నల విజిటర్ ఇన్సూరెన్స్‌కు. మీ ఉత్తరంలో దీని ఊసే లేదు, నాకు అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇదే. ఒక రాత్రి నాన్నగారికి ఛాతీలో నొప్పి వచ్చి ఆసుపత్రి ఎమర్జెన్సీకి (ఈఆర్) తీసుకెళ్తే మీ ఆరు వేలూ ఒక్క బిల్లులో పోవచ్చు. ఆయన వయసులో ఇద్దరికీ ఆరు నెలలకు వెయ్యి దాటినా ఆశ్చర్యపోకండి. చౌక ప్లాన్లు ఒక్కో చికిత్సకు ఇంతని మాత్రమే ఇస్తాయి, అలాంటి పరిమితి లేకుండా బిల్లులో ఎక్కువ భాగం కట్టే కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకోండి. ముందు నుంచీ ఉన్న జబ్బు హఠాత్తుగా ముదిరితే ఎంత ఇస్తారో, ఏ వయసు దాకా ఇస్తారో ఆ క్లాజు మీరే చదవండి. బీపీ మాత్రలు ఆరు నెలలకూ ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతి సంచిలో తెచ్చుకోమనండి.

మీ 1,500 ఇక్కడికి సరి. రైఫిల్ మీద మోజు తీరకపోతే, సేవింగ్స్ మూడు నెలల ఖర్చుకు, అంటే 16,500కి చేరి, అమ్మానాన్న తిరిగి వెళ్లాక తీయండి ఆ మాట. బావమరిది అప్పటికీ మీతోనే ఉంటే లాయరు చెప్పినట్టు చేయండి. ముందు రేంజ్‌లో క్లాసు తీసుకోండి, అక్కడ అద్దెకిస్తారు. క్యాబినెట్ బిగించాకే కొనండి. ఇంటి ఇన్సూరెన్స్ పాలసీలో లయబిలిటీ (మీవల్ల ఇతరులకు జరిగే నష్టానికి కట్టేది) ఎంతుందో చూసుకోండి, లక్ష డాలర్లే అయితే దాని పైన అదనంగా కట్టే అంబ్రెల్లా పాలసీ కూడా తీసుకోండి. ఉద్యోగం మారి న్యూజెర్సీ వెళ్లాల్సి వస్తే అక్కడ కొత్తగా కొనడానికి పోలీసులిచ్చే కార్డు కావాలి, చట్టాలు టెక్సస్‌లా ఉండవని గుర్తుంచుకోండి.

అమ్మానాన్న దిగేలోపు వచ్చే శనివారాల్లో ఒకటి చూసి ఇద్దరి క్లాసూ బుక్ చేయండి. పిల్లల్ని ఆ నాలుగు గంటలు బావమరిది చూసుకుంటాడు.