గ్లాసు కాదు, కొలత కప్పు

ప్రశ్న: నా వయసు 38. ఐదు వారాల క్రితం బరువు తగ్గడానికి పొట్టను చిన్నది చేసే స్లీవ్ సర్జరీ చేయించుకున్నాను. 12 కిలోలు తగ్గాను, ఇంట్లో అందరూ సంతోషంగానే ఉన్నారు. కానీ నీళ్లు దిగడం లేదు మేడమ్. గ్లాసెడు తాగితే ఛాతీ దగ్గర పట్టేసి, కాసేపటికి అంతా బయటికి వచ్చేస్తోంది. లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. మూత్రం ముదురు పసుపుగా, కొద్దిగానే వస్తోంది. పది రోజులుగా రోజూ రెండు మూడు వాంతులు. విటమిన్ టాబ్లెట్లూ నిలవడం లేదని మానేశాను. దాహం కూడా పెద్దగా వేయడం లేదు. ఇదంతా మామూలేనా?
– ఒక పాఠకురాలు

జవాబు: మామూలు కాదు. మీ ఉత్తరంలో ఫోన్ నంబరు ఉండబట్టి సరిపోయింది. పత్రిక అచ్చయ్యేదాకా ఆగే విషయం కాదని, చదివిన పూటే ఫోన్ చేసి మీ సర్జన్ దగ్గరికి పంపించాను. సెలైన్, విటమిన్ బి1 ఇంజెక్షన్ ఇచ్చాక తేలికపడ్డానని మీరే చెప్పారు. ఇక్కడ రాస్తున్నది ఇంటికొచ్చాక మీకు పనికొస్తుందని, ఇదే అవస్థలో ఉన్న ఇంకొకరు చదువుతారని.

నన్ను భయపెట్టింది నీళ్ల సంగతి ఒక్కటే కాదు, వాంతులు అవుతుంటే టాబ్లెట్లు మానేయడం. ఒంట్లో బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. అది అడుగంటితే వస్తువులు రెండుగా కనిపిస్తాయి, నడక తూలుతుంది, మనిషి తికమకపడతారు. వెంటనే చికిత్స అందకపోతే మెదడుకు శాశ్వతంగా దెబ్బ తగలొచ్చు. అందుకే ఏ ఎమర్జెన్సీకి వెళ్లినా ముందుగా సర్జరీ సంగతీ, వాంతుల సంగతీ చెప్పాలి. బి1 ఇవ్వకుండా ఒట్టి గ్లూకోజ్ ఎక్కిస్తే ఉన్న కాస్తా ఖర్చయిపోతుంది. స్లీవ్, అంటే సర్జరీ తర్వాత గొట్టంలా మిగిలిన పొట్ట, ఎక్కడైనా ఇరుకైందేమో కూడా వాళ్లే చూడాలి.

ఇక నీళ్లు. సర్జరీలో పొట్టలో మూడొంతులకు పైగా తీసేశారు. మిగిలిన సన్నటి గొట్టంలో పట్టేది 100–150 మిల్లీలీటర్లు. మీ గ్లాసులో ఉన్నది 250. పైకి తన్నక ఏం చేస్తుంది?

గ్లాసు లోపల పెట్టేసి, మందు కొలిచే 30 మిల్లీలీటర్ల చిన్న కప్పు తీసుకోండి. పావుగంటకొకటి, అదీ రెండు మూడు గుక్కల్లో. రోజుకు కనీసం లీటరున్నర కావాలంటే 50 కప్పులు. ఫ్రిజ్ తలుపుకి కాగితం అంటించి, కప్పుకొక గీత గీయండి. దాహం వేసినప్పుడు తాగుదాంలే అనుకోవద్దు, ఇప్పుడు గడియారమే మీ దాహం.

నేనూ ఒక ఆదివారం ఇలా తాగి చూశాను. మధ్యాహ్నం పన్నెండింటికి లెక్కేస్తే 13 గీతలు, అంటే 390 మిల్లీలీటర్లే. కష్టం కాదు గానీ మహా విసుగు. అప్పటినుంచి నీళ్లు తాగరేం అని పేషెంట్లను కసరడం మానేశాను.

చల్లనివి పడకపోతే గోరువెచ్చనివి తాగండి, కొందరికి చల్లనివే పడతాయి. గ్యాస్ ఉన్న కూల్‌డ్రింకులు వద్దు. తిండితోపాటు నీళ్లు వద్దు, తిన్నాక అరగంట ఆగండి. మూత్రం లేత పసుపుకి వస్తే దారిలో పడ్డట్టే.

ప్రోటీన్ రోజుకు 60 గ్రాములకు తగ్గకూడదు. గుడ్డు ఒక్కటి ఆరు గ్రాములే ఇస్తుంది కాబట్టి గుడ్లతో ఆ లెక్క తేలదు. పాలు, ప్రోటీన్ పొడి కలిపిన ద్రవాలైతే నీళ్ల లెక్కలోకీ వస్తాయి. టాబ్లెట్లు మింగలేకపోతే నమిలేవి, ద్రవరూపంలోవి రాయమని డాక్టర్ని అడగండి. కాల్షియం, ఐరన్ మాత్రం కలిపి వేసుకోవద్దు, మధ్యలో రెండు గంటలు ఉండాలి. విటమిన్లు జీవితాంతం వాడాల్సినవేనని ఎవరూ మీకు గట్టిగా చెప్పినట్టు లేదు.

ఫోన్‌లో జుట్టు గురించి అడిగారు. మూడో నెల నుంచి రాలొచ్చు. ప్రోటీన్, ఐరన్ సరిగా అందుతుంటే చాలామందికి తిరిగి వస్తుంది, దానికి టెన్షన్ పడకండి. టెన్షన్ పడాల్సింది ఆ కాగితం చూసి. గీతలు 35 దాటని రోజులు వరుసగా రెండు వస్తే, మూడో రోజు కోసం చూడకుండా హాస్పిటల్‌కి ఫోన్ చేయండి. మళ్లీ వాంతులు మొదలైతే ఆ రెండు రోజులూ ఆగొద్దు.